సున్నం అన్నాను

తెనాలిలో నన్ను చాలామంది దోమల సార్ అంటారు. నేను దోమల మనిషిని కాను. చెట్లకు పట్టే తెల్లదోమ సంగతి చూడటం నా పని. పేరులో దోమ ఉందే గాని అది మనిషిని కుట్టదు, మనిషి వంక కూడా చూడదు. ఆకు అడుగున చేరి రసం పీల్చుకుంటుంది, అంతే. ఎక్కడో బయటి దేశంలో పుట్టింది, ఎలాగో వచ్చి మన కొబ్బరి చెట్లకు పట్టుకుంది, అక్కడి నుంచి జామకు, అరటికి, బాదానికి పాకింది. ఈ మాట ఎన్ని వీధుల్లో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. అంతా విని, తల ఊపి, చివర్లో "అయితే మా వీధికి పొగ ఎప్పుడు కొడతారండీ?" అని అడుగుతారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత "రేపండి" అనడం నేర్చుకున్నాను.

అంతకు ముందు రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు మాస్టారిని. కరోనా తర్వాత ఆ బడి మూతపడింది. యాభై దాటిన సైన్సు మాస్టారు ఎవరికి కావాలి? వీధి చెట్లు చూసుకోవడానికి కాంట్రాక్టు మీద మనిషి కావాలంటే తెనాలి వచ్చాను. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు, వాయిదా వేస్తూ వేస్తూ ఉండగా వయసు దాటిపోయింది. మేడ మీద ఒక గది, మెస్సులో భోజనం, ఆదివారం చర్చిలో వెనక బెంచీ. కొన్ని రోజులు సాయంత్రం మెట్లెక్కుతూ గుర్తు చేసుకుంటే, పొద్దుట్నుంచి నేను మాట్లాడిన మాటలన్నీ ఆకుల గురించీ కొమ్మల గురించీ అయి ఉండేవి. నా గురించి ఎవరూ ఏమీ అడిగి ఉండరు. ఇంత పెద్ద ఊళ్లో నేను పడిపోతే ముందు తెలిసేది మెస్సు అతనికే, అదీ రెండు పూటలు చూశాకే అనిపించేది.

ఒక్క మనిషి మాత్రం అడిగేది. నేను చూసుకునే వీధుల్లో ఒకదాని మలుపులో పెద్ద బాదం చెట్టు, దాని కింద ఇస్త్రీ బండి. ఆ బండి ఆవిడకు నలభై అయిదేళ్లుంటాయి. భర్త పోయాడు, కూతురు పెళ్లయి బాపట్లలో ఉంటుంది. నా చొక్కాలు ఆవిడకే వేసేవాణ్ణి. మొదటి రోజే "అన్నయ్యా, తిన్నారా?" అంది. మధ్యాహ్నం రెండింటికి ఎవరైనా ఆ మాట అడిగి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు రాలేదు. తినకపోయినా తిన్నానమ్మా అన్నాను. ఆవిడ నా మొహం చూసి "తినలేదు" అని తనే తేల్చేసి, డబ్బా మూతలో పులిహోర పెట్టి ఇచ్చింది. ఆ తర్వాత రోజూ అడిగేది. ఆ దారిన పోయే అందరినీ అలాగే అడిగేదేమో. ఆ సంగతి నేను కనుక్కోలేదు, కనుక్కోవాలనీ అనిపించలేదు.

"నాకు తోడబుట్టినోళ్లు లేరండి. అందుకే ఎవర్ని పడితే వాళ్లని అన్నయ్యా, తమ్ముడూ అనేస్తుంటాను. ఏమీ అనుకోబాకండి" అని ఒకసారి తనే చెప్పింది.

ఆ సంవత్సరం క్రిస్మస్ వెళ్లాక బాదం ఆకు ఎర్రబడి రాలిపోయింది. కొత్త ఆకు వచ్చీ రాగానే పక్కింటి కొబ్బరి మీది తెల్లదోమ దాని మీదికి దిగింది. ఆకు తిప్పి చూస్తే అడుగున ముగ్గుపిండితో చుట్టలు చుట్టినట్టు తెల్లటి గీతలు. ఆ పురుగు తియ్యటి జిగురు వదులుతుంది. అది కింది ఆకుల మీదా, ఆపిన స్కూటర్ల మీదా, ఇస్త్రీ బండి మీదా పడుతుంది. జిగురు పడ్డచోట నల్లగా బూజు పెరుగుతుంది. వీధిలో దాన్ని మసి అనేవాళ్లు. తెల్లదోమ చెట్టును చంపదు. మసికి విసిగిపోయిన మనుషులే చంపుతారు. నాలుగేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఈ రెండు వాక్యాలే.

"నా బొగ్గుల మసి చాలదన్నట్టు పైనుంచి ఇంకో మసేంటన్నయ్యా?" అనేది ఆవిడ నవ్వుతూ. నవ్వుతూ అన్నా, అయ్యే నష్టం ఆవిడదే. ప్లీడరుగారి తెల్లచొక్కా మీద చుక్క పడితే మళ్లీ ఉతికి, ఆరేసి, మళ్లీ ఇస్త్రీ చేసేది.

మందు కొట్టించండి అని వీధంతా నా వెంట పడ్డారు. కొట్టకూడదు. పురుగుల చదువు చదివిన మేడమ్ ఒకావిడ బాపట్లలో ఉండేది, ఈ పనిలో నాకు ఓనమాలు దిద్దించింది ఆవిడే. తెల్లదోమకు ఒక శత్రువు ఉంది. కంటికి సరిగా ఆనని చిన్న కందిరీగ లాంటిది. తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెడుతుంది, ఆ పిల్లలు నల్లబడి చచ్చి, వాటిలోంచి కొత్త ఈగలు బయటికొస్తాయి. మందు కొడితే ముందు చచ్చేది ఈ ఈగే. అందుకని కర్లపాలెం దగ్గర ఒక కొబ్బరి తోటలో, నల్లబడ్డ పిల్లలున్న ఆకులు కోయించి, ముక్కలు చేసి, సంచిలో వేసుకుని తెచ్చి మా చెట్లకు కట్టేవాణ్ణి. బస్సులో పక్క సీటాయన "ఏంటండి సంచిలో?" అని అడిగితే "జబ్బు ఆకులండి" అన్నాను. ఆయన లేచి ముందుకెళ్లి నుంచున్నాడు. బాపట్ల నుంచి తెనాలి దాకా రైల్లో కూడా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అది నాకు కొత్త కాదు.

మార్చి మొదట్లో బాదం చెట్టుకు ఆ ఆకులు కట్టాను. మొదలుకు పసుపురంగు షీటు చుట్టి ఆముదం రాయించాను. పసుపు రంగుకు తెల్లదోమ వచ్చి అంటుకుంటుంది. మర్నాడు వెళ్లేసరికి ఆ షీటుకు ఎవరో కుంకుమ బొట్టు పెట్టారు. కింద రెండు అరటిపళ్లు. ఆముదంలో చచ్చిన తెల్లదోమల మధ్య బొట్టు చూసి నాకు నవ్వొచ్చింది. తుడవలేదు. బొట్టున్న షీటును ఎవరూ పీకరు కదా.

"రెండు నెలలు ఓపిక పట్టమ్మా. మసి పోతుంది, నీడ ఉంటుంది. నాదీ పూచీ" అని ఇస్త్రీ ఆవిడకు మాటిచ్చాను. బడిలో ఉన్నప్పుడు పిల్లలకు తప్ప నేను ఎవరికీ అలా మాటిచ్చిన వాణ్ణి కాదు.

ఆ రెండు నెలల మధ్యలోనే గుడ్ ఫ్రైడే వచ్చింది. మా లూథరన్ కుటుంబాల్లో ఆ రోజు ఆడవాళ్లంతా తెల్లచీరలు కడతారు. ఆ చుట్టుపక్కల తెల్లచీరలన్నీ ఆవిడ బండి మీదికే వస్తాయి. ఏడాదిలో ఆవిడకు నాలుగు డబ్బులు కనపడే వారం అది. ఆ వారమే జిగురు ఎక్కువ పడింది. ఆవిడ చెట్టుకీ బండికీ మధ్య పాత దుప్పటి కట్టి, దాని కింద వంగి పని చేసింది. అయినా నాలుగైదు చీరల మీద చుక్కలు పడ్డాయి. ఒకావిడ అందరి ముందూ చీర విసిరేసి వెళ్లింది. నేను వెళ్లేసరికి ఇస్త్రీ ఆవిడ ఆ చీర మడత పెడుతూ ఉంది. "ఈ మసి వదిలితే చాలన్నయ్యా. ఇంకేమీ అడగను" అంది. నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఇక్కడ మా గుర్తుల సంగతి చెప్పాలి. ఉంచే చెట్టుకు నీళ్లతో మసి కడిగి, మొదలు చుట్టూ మోకాలెత్తు సున్నం కొట్టిస్తాం. పుచ్చిపోయి ఎవరి నెత్తిమీదో పడేలా ఉన్న చెట్టుకు ఎర్రరంగుతో ఇంటూ మార్కు వేస్తాం. మార్కు పడిన చెట్టును తీసేసి, పక్కనే కొత్త మొక్క పెడతాం. కొత్తవి అన్నీ ఒకే రకం పెట్టం. కానుగ, పొగడ, నేరేడు, రేల, ఇలా కలిపి పెడితే ఒక పురుగు వచ్చి వీధి వీధంతా ఊడ్చుకుపోకుండా ఉంటుంది. ఉంచేవీ తీసేవీ నిర్ణయించేది నేను, గుర్తు వేసేది మేస్త్రీ, వెనకాల రంపం మనుషులు.

గుడ్ ఫ్రైడేకి ముందు, క్రీస్తు శ్రమలు తలుచుకునే శ్రమదినాల్లో ఒకరోజు, మా చర్చిలో అందరూ పెద్ద టీచరమ్మగారు అని పిలిచే రిటైరైన హెడ్‌మాస్టరమ్మ నన్ను ఆపింది.

"శ్రమదినాల్లో చెట్టుకి ఎర్రగా సిలువేసి నరికిస్తారా మాస్టారూ?" అంది.

"సిలువ కాదండి. ఇంటూ మార్కండి."

"కొంచెం తల పక్కకి వంచి చూడండి."

నేను రోడ్డు మీద నిలబడి నిజంగానే తల వంచి చూశాను. సిలువే. నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే మేస్త్రీతో, ఇకనుంచి తీసే చెట్టుకు ఇంటూ వద్దు, గుండ్రంగా సున్నా పెట్టు అని చెప్పాను. మేస్త్రీ నాకంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు. "అట్టాగేనండి. సున్నమేస్తే ఉంచేది, సున్నా పెడితే కొట్టేది" అని వల్లించుకున్నాడు. బాగుందయ్యా, గుర్తుంటుంది అని నేను నవ్వాను కూడా.

ఈస్టరు వెళ్లిన వారంలో కానుగ మొక్కలు చూడటానికి రేపల్లె వెళ్లాను. అక్కడ నర్సరీలో మొక్కలు బలంగా ఉంటాయి. వెళ్లేముందు మేస్త్రీకి ఆ రోజు పని మూడుసార్లు చెప్పాను. ఒక ఎండిన వేపకు సున్నా, బాదం చెట్టుకు సున్నం. రేపల్లె పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా మేస్త్రీ ఫోను చేశాడు. నా వైపు పట్టాల చప్పుడు, అటువైపు రంపం మిషను మోత.

"సార్, బాదం దగ్గరున్నామండి. వీధోళ్లంతా వచ్చి కొట్టేయమంటన్నారు. ఏం చేయమంటారండి?"

"సున్నం వేయమన్నానుగా."

"ఏంటండి?"

"సున్నం."

అతను మళ్లీ ఏదో అడిగాడు. "సున్నమా అండి?" అన్నాడనుకున్నాను. అది మూడోసారి కాదు, నాలుగోసారి. నాకు ముక్కు మీదికి కోపం వచ్చింది. "అవునయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరి ఫోను పెట్టేశాను. పెట్టేసి, కిటికీలోంచి మినుము కోసేసిన చేలు చూస్తూ, నా మాట వినని మనుషులతో వేగలేక చస్తున్నానని నాలో నేనే సణుక్కున్నాను. ఆ సణుగుడు నాకిప్పటికీ వినపడుతుంది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి వీధి మలుపు వెడల్పుగా కనిపించింది. వెలుతురు ఎక్కువగా ఉంది. నేను వేరే వీధిలోకి వచ్చాననుకుని వెనక్కి చూశాను. తర్వాత మొద్దు కనపడింది, దాని మీద ఎర్రటి సున్నాలో సగం. కొమ్మలు అప్పటికే ట్రాక్టరులో వెళ్లిపోయాయి, ఆకులు మాత్రం రోడ్డంతా ఉన్నాయి. ఇస్త్రీ బండి తాళం వేసి ఉంది. మేస్త్రీ గోడవార కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నా మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"సున్నా అండి అని అడిగాను సార్. మీరు అవునన్నారు" అన్నాడు.

అతణ్ణి ఏమనను? కింద పడ్డ ఒక ఆకు తీసి, జేబులోని భూతద్దం పెట్టి చూశాను. తెల్లటి చుట్టల మధ్య పిల్లలు నల్లబడి ఉన్నాయి. ఇంకో ఆకు తీశాను. దానిమీదా నలుపే. కర్లపాలెం ఈగలు పట్టుకున్నాయి. ఇంకో రెండు మూడు వారాలాగితే ఆ చెట్టు తనంతట తాను శుభ్రపడేది. నేను రోడ్డు మీద గొంతుక్కూర్చుని ఆ ఆకులన్నీ సంచిలోకి ఏరుకున్నాను. పక్క వీధి జామలకు కట్టాలి కదా, ఈగలు వృథా పోకూడదు. ఏరుతుంటే ఏడుపొచ్చింది. మసి అంటిన చేతులతో కళ్లు తుడుచుకోకూడదని భుజంతో తుడుచుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భయపడుతూ వెళ్లాను. ఆవిడ బండికి ఒక నల్ల గొడుగు కట్టి, దాని కింద ఇస్త్రీ చేస్తోంది. గొడుగు నీడ బట్టల మీద పడుతోంది, ఆవిడ మాత్రం ఎండలోనే ఉంది. నన్ను చూసి నవ్వింది.

"చొక్కాలు ఎంత తెల్లగా వస్తన్నాయో చూశారా అన్నయ్యా" అంది. "తిన్నారా?"

చెప్పాలనే వెళ్లాను. ఆ మొహం చూశాక చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది. ఈలోగా మొద్దు పక్కన గొయ్యి తీయించి రేపల్లె కానుగ మొక్క పెట్టించాను. ఆవిడ రోజూ దానికి చెంబుడు నీళ్లు పోసేది. ఒకరోజు పాలపాకెట్ల కొట్టతను నాతో "మీరు ఆవిడ కోసమేగా సార్ చెట్టు తీయించింది. 'మా అన్నయ్య నా చీరల బాధ చూళ్లేక కొట్టించాడు' అని అందరికీ చెప్పుకుంటుందండి" అన్నాడు.

ఇక్కడ నేను దాచకుండా రాయాలి. ఆ మాట విన్నాక నేను నిజం చెప్పకపోవడానికి కారణం భయం కాదు. నాకు బాగుంది. ఎవరో ఒకరు నన్ను మా అన్నయ్య అని నలుగురిలో చెప్పుకుంటున్నారు. గదికి వెళ్తూ దారిలో రెండు మూడుసార్లు ఆ మాట తలుచుకున్నాను. తప్పు చేసి దాని మీద మంచి పేరు తింటున్నానని తెలుసు. తెలిసే నెల రోజులు తిన్నాను.

మే నెల వచ్చింది. రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. పక్కన నిప్పుల ఇస్త్రీ పెట్టె. ఆవిడ మొహం నల్లగా మాడిపోయింది. ఒకరోజు నేను వెళ్లేసరికి బండి పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడి ఉంది. నేను పట్టుకుని గోడవార కూర్చోబెట్టి మంచినీళ్లు తెచ్చిచ్చాను.

"అంగలకుదురు రోడ్డులో రేకుల షెడ్లున్నాయి కదమ్మా. బండి అక్కడికి మార్చుకోవచ్చుగా. ఈ ఎండలో ఎందుకు చస్తావు?" అన్నాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "ఇన్నాళ్లూ చెట్టు ఉంచాలన్న మీరు నా కోసం అంత పని చేశారు. చేశాక నేను నీడ లేదని పోతే మీ మనసు కష్టపడదా? మొక్క పెరిగేదాకా ఉంటాను లెండి. ఎండలు ఎన్నాళ్లుంటాయి?"

నెల రోజులుగా ఆవిడ ఆ ఎండలో నిలబడింది నా మొహమాటానికి. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"ఆ చెట్టు నేను కొట్టమనలేదమ్మా. సున్నం వేయమన్నాను. ఫోన్లో మేస్త్రీకి సున్నా అని వినపడింది. మళ్లీ అడిగాడు, నేనే విసుక్కుని పెట్టేశాను. తప్పు నాదే."

ఆవిడ నీళ్ల గ్లాసు కింద పెట్టింది. "సున్నం అన్నారా?"

"అవునమ్మా."

"అంటే ఉంచమన్నారు."

"అవును."

కాసేపు మొద్దు వైపు చూసింది. చీవాట్లు పెడుతుందనుకున్నాను. పెడితే బాగుండుననుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "అయితే నా కోసం కాదా అన్నయ్యా?" అంది.

ఆవిడ లేచి ఇస్త్రీ పెట్టె తెరిచి బొగ్గులు కదిపింది. నేను కాసేపు నిలబడి వచ్చేశాను. ఆ రోజు తిన్నారా అని అడగలేదు.

గది మెట్లెక్కుతుండగా జవాబు తట్టింది. ఆ చెట్టును ఉంచమన్నది కూడా ఆవిడ కోసమే. మసి పోతుంది, నీడ ఉంటుంది అని మాటిచ్చింది ఆవిడకే. కర్లపాలెం నుంచి సంచి మోసుకొచ్చింది, వీధంతా తిట్టినా మందు కొట్టించనిది అందుకే. అంత తేలిక మాట అడిగినప్పుడు నోటికి రాలేదు. ఒంటరిగా ఉండి ఉండి, మనిషితో చెప్పాల్సిన మాటలు మనిషి ఎదురుగా ఉన్నప్పుడు రావడం నాలో మానేశాయనుకుంటాను.

మర్నాడు చెబుదామని వెళ్తే మలుపులో బండి లేదు. కానుగ మొక్క మొదట్లో మాత్రం తడి ఉంది. పోతూ పోతూ నీళ్లు పోసి వెళ్లినట్టుంది.

వారం ఆగి, మూడు చొక్కాలు సంచిలో పెట్టుకుని అంగలకుదురు రోడ్డుకు వెళ్లాను. ఆవిడ రేకుల షెడ్డు కింద ఉంది. నీడ బాగుంది. మొహం తేటపడింది. ఎవరో ముసలాయన లుంగీ ఇచ్చి వెళ్తుంటే "బాబాయ్, తిన్నారా?" అని అడిగింది. తర్వాత నన్ను చూసింది. చెప్పాల్సిన మాట దారంతా వల్లించుకుంటూ వచ్చాను. చొక్కాలు ఇచ్చాను. ఆవిడ వాటిని మర్యాదగా అందుకుని పక్కన పెట్టింది.

"రేపు సాయంత్రం రండి సార్" అంది.